గుడ్డ మాస్కు కథ

ఫ్లూ మనిషి నోటి నుంచి, ముక్కు నుంచి బయల్దేరుతుంది. దగ్గినా, తుమ్మినా, దగ్గరగా నిలబడి మాట్లాడినా వెలువడే తుంపర్లలో వైరస్ ఉంటుంది. దాన్ని బయల్దేరిన చోటే అడ్డుకోవడానికి ఉన్న వస్తువు మాస్కు. ఇది ఒక రెండు పొరల నూలు మాస్కు కథ. దాని పుట్టుక పత్తి, ఊరు పత్తి, మిరప పండే గుంటూరు సీమ. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున సుమారు 16 కోట్ల మాస్కులు పంచాలని నిర్ణయించింది. పొదుపు సంఘాల మహిళలు వాటిని కుట్టారు. ఆ కుట్టుమిషన్ల మీద తయారైన వాటిలో ఇదొకటి.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే ఒక ముఠా కూలీకి అది చేరింది. యార్డులో మూతి కప్పుకోవడం కొత్త కాదు. ఘాటుకు తట్టుకోలేక తలకు చుట్టిన తువ్వాలే ముక్కుకు కట్టుకుంటారు, మాట్లాడాల్సి వస్తే కిందికి లాగేస్తారు. మిరప దగ్గేదో, జ్వరం దగ్గేదో అక్కడ తెలియదు. కాటా దగ్గర ఒకరు ఆగకుండా దగ్గుతున్నా పక్కవారు తలెత్తి చూడరు. మన దేశంలో ఫ్లూ ఏటా రెండు విడతలుగా వస్తుంది: జనవరి నుంచి మార్చి వరకు ఒకటి, వానాకాలంలో ఇంకొకటి. మొదటి విడత సరిగ్గా మిర్చి కోతల కాలంలోనే పడుతుంది. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి ఆ కోతలకు వలస వచ్చిన కుటుంబాలు ఒకే పాకలో పడుకుంటాయి, ఒకే ఆటోలో చేలకు వెళతాయి. వైరస్‌కు ఇంతకంటే అనువు ఏం కావాలి?

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. యార్డు వారాల తరబడి మూతపడింది. బస్సులు, విమానాలు ఆగాయి. రాష్ట్రంలో 9, 10 తరగతుల పిల్లలకు నవంబరు 2న గానీ బడిలో రోజువారీ పాఠాలు మొదలు కాలేదు. ఇదంతా కరోనా కోసం చేసిందే అయినా ఫ్లూకు ఇంకా గట్టి దెబ్బ తగిలింది. తొలినాటి కరోనా ఒకరి నుంచి సగటున ఇద్దరు ముగ్గురికి సోకేది. ఏటా వచ్చే ఫ్లూ పది మంది నుంచి సుమారు పదముగ్గురికి సోకుతుంది, అంతే. అందులో నాలుగో వంతు తగ్గించినా అది తనంతట తానే ఆరిపోతుంది. పైగా ఫ్లూను ఇంటింటికీ చేర్చేది ముఖ్యంగా బడిపిల్లలు. ఒక దేశం నుంచి మరో దేశానికి మోసేది ప్రయాణికులు. 2009లో భారత్‌లో తొలి హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) కేసు హైదరాబాద్ విమానాశ్రయంలో దిగిన ప్రయాణికుడిదే. ఆ రెండు దారులూ ఒకేసారి మూసుకుపోయాయి.

దేశంలో 2019లో 28,798గా ఉన్న స్వైన్ ఫ్లూ కేసులు 2021లో 778కి పడిపోయాయి. పరీక్షలన్నీ కరోనా మీదికి మళ్లడం, జనం ఆసుపత్రికి వెళ్లడానికి జంకడం ఈ తగ్గుదలలో కొంతకు కారణమే. అయితే ఫ్లూ పరీక్షలు ఆపకుండా చేసిన దేశాల్లోనూ 2020-21 శీతాకాలంలో వైరస్ దాదాపు కనిపించలేదు. ఫ్లూ వైరస్ బి రకంలోని యమగాటా శాఖ 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా నిర్ధారణగా దొరకలేదు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని టీకాలో ఉంచాల్సిన అవసరం లేదని చెప్పింది.

ఈ ఘనతలో మాస్కు వాటా ఎంతో విడదీసి చెప్పడం సాధ్యం కాదు. బడులు, ప్రయాణాలు, దూరం, చేతులు కడుక్కోవడం అన్నీ కలిసి చేసిన పని అది. గుడ్డ మాస్కు సర్జికల్ మాస్కు కంటే బలహీనం. చెమటకు తడిసి గడ్డం కిందికి జారినప్పుడు అసలు పనికిరాదు. యార్డు తెరుచుకున్నాక ఈ మాస్కు చాలా పూటలు గడ్డం కిందే వేలాడింది.

ఆంక్షలు పోయాక ఫ్లూ తిరిగొచ్చింది. రెండేళ్లపాటు వైరస్ తగలక ఒంట్లో రక్షణ పలచబడింది, చంటిపిల్లలకు అసలు ఏర్పడనేలేదు. స్వైన్ ఫ్లూ కేసులు 2022లో 13,202కి పెరిగాయి. 2023 తొలి నెలల్లో హెచ్3ఎన్2 అనే మరో ఫ్లూ రకం దేశమంతా దగ్గులు తెప్పించింది.

యార్డును, బడిని ఏటా మూసేయలేం, మూయకూడదు కూడా. ఫ్లూ మొదటి మూడు నాలుగు రోజుల్లోనే ఎక్కువగా అంటుతుంది. జ్వరం వచ్చిన కూలీకి ఆ రోజులు కూలి పోకుండా సెలవివ్వాలి. రాక తప్పనివారు ముక్కు పైదాకా మాస్కు కట్టుకోవాలి. గర్భిణులు, వృద్ధులు, ఉబ్బసం, షుగర్ ఉన్నవారు ఏటా డాక్టర్‌ను అడిగి ఫ్లూ టీకా వేయించుకోవాలి.