నా ఒంటి మీది పేరు

తెలుగువాళ్లు నన్ను తాళంచెవి అంటారు. ఆ మాటలో తాళమూ ఉంది, చెవీ ఉంది. పాటగాళ్ల మధ్య బతికినదానికి ఇంతకంటే నప్పే పేరు ఇంకెక్కడ దొరుకుతుంది? అందుకే నా కథ ఈ భాషలో చెప్పుకోవడం నాకు ముచ్చటగా ఉంది.

మాది స్పార్టన్‌బర్గ్. అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రం, అందులో కొండల వైపు మూల. రైలు దారులు నాలుగు దిక్కుల నుంచీ వచ్చి కలిసే ఊరు, నూలు మిల్లుల ఊరు. వారమంతా మిల్లు, ఆదివారం చర్చి, మధ్యలో చిక్కిన రాత్రుళ్లు పాట. ఆ ఊళ్లో ఓ పాత గోడౌన్ తలుపు కోసం నన్ను చేశారు. నా ఒంటి మీద ఒక పేరు చెక్కి ఉంది: మార్షల్ టక్కర్.

ముందు ఆయన సంగతి చెప్పాలి. గోడౌన్‌ను, తర్వాత అక్కడ పాటలు సాధన చేసిన కుర్రాళ్ల కంటే ముందు, అద్దెకు తీసుకున్నది ఆయనే. పుట్టుకతోనే చూపు లేదు. పియానోలకు శ్రుతి చేయడం ఆయన వృత్తి. ఆ పని ఎలా ఉంటుందో తెలుసా? పియానోలో మెట్లు 88, తీగలు 200కు పైనే. చాలా మెట్ల కింద మూడేసి తీగలుంటాయి. ఆ మూడూ ఒకే శ్రుతిలో లేకపోతే స్వరం నిలవదు. చెరువులో రాయి పడ్డట్టు అలలు అలలుగా ఊగుతుంది. శ్రుతి చేసేవాడు పక్క రెండు తీగలకూ ఫెల్టు ముక్క అడ్డుపెట్టి నోరు మూయిస్తాడు. మధ్యదాని మేకుకు రెంచీ తొడిగి వెంట్రుకవాసి తిప్పుతాడు. సరిపోయాక రెండోదాన్ని దానితో కలుపుతాడు, ఆ తర్వాత మూడోదాన్ని. ఊగు ఆగిన క్షణం చెవికి తెలుస్తుంది. అందులో కంటికి పనేమీ లేదు. ఆయన చేతిలో ఉన్నన్నాళ్లూ నేను ఎదురుతిరగలేదు. చూపున్నవాళ్లే నన్ను తలకిందులుగా దూర్చి తిట్టుకుంటారు.

ఆయన ఖాళీ చేశాక కుర్రాళ్లు వచ్చారు. ఆరుగురు. 1972 నాటి మాట.

వాళ్లు ఒకరికొకరు కొత్త కాదు. అంతకుముందు అటూ ఇటూగా వీళ్లే 'టాయ్ ఫ్యాక్టరీ' అని ఓ బృందం నడిపారు. టాయ్ అంటే బొమ్మ కదా, ఇదేం పేరని నవ్వకండి. టాయ్ కాల్డ్‌వెల్ అసలు పేరే అది, తండ్రి పేరే కొడుక్కూ పెట్టారు. వియత్నాం యుద్ధమూ పిలిచింది. మెరైన్ దళంలో చేరిన టాయ్ 1968లో అక్కడ గాయపడ్డాడు. గాయకుడు డగ్ గ్రే కూడా వియత్నాం వెళ్లొచ్చినవాడే. తిరిగొచ్చి మళ్లీ గిటార్లు, మైకులు పట్టుకున్నారు. టాయ్ తమ్ముడు టామీ బేస్ గిటారు, జార్జ్ మెకోర్కిల్ రిథమ్ గిటారు, పాల్ రిడిల్ డ్రమ్స్, జెర్రీ యూబ్యాంక్స్ సాక్సఫోనూ ఫ్లూటూ.

ఓ సాయంత్రం కొత్త బృందం పేరు గురించి తర్జనభర్జన పడుతున్నారు. ఊళ్లో పిల్లాడికి బారసాల అంటే ఎన్ని పేర్లు వస్తాయో అన్నీ వచ్చాయి, ఏదీ కుదరలేదు. ఇంతలో ఒకరి కళ్లు నా మీద పడ్డాయి. 'మార్షల్ టక్కర్' అని చదివారు. బాగుందే, ఈ పేరే పెట్టుకుందాం అనుకున్నారు. ఆ పేరుగల మనిషి ఒకాయన నిజంగా ఉన్నాడని, ఆ పొద్దుకే ఎక్కడో ఏ పియానో ముందో కూర్చుని ఉంటాడని వాళ్లకు తట్టలేదు. ఆయన్ని అడగనూ లేదు. అడగాల్సింది నన్ను, కానీ నాకు ఉన్నది చెవి ఒక్కటే, నోరు లేదు.

ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అంటారు కదా. వీళ్ల సంగతి ఇంకా వింత: ఇంటిపేరే పక్కింటాయనది. అప్పటి నుంచి ఏ ఊరెళ్లినా ఒకటే ప్రశ్న. మీలో మార్షల్ ఎవరు? డగ్ గ్రేను మార్షల్ అని పిలిచి కరచాలనం చేసినవాళ్లకు లెక్కే ఉండదేమో.

వాళ్ల సంగీతాన్ని సదరన్ రాక్ అంటారు. దక్షిణాది రాష్ట్రాల నల్లజాతివాళ్ల బ్లూస్, కొండప్రాంతపు తెల్లవాళ్ల కంట్రీ, చర్చి పాట, కాస్త జాజ్ అన్నీ కలిపి పెద్ద స్పీకర్లలో పోసి మరిగిస్తే వచ్చేది అది. పక్కనే జార్జియా రాష్ట్రంలో మేకన్ అనే ఊళ్లో ఆల్మన్ బ్రదర్స్ దానికి దారి వేశారు. ఆ వంటకంలో మావాళ్ల పాలు ఏమిటంటే ఫ్లూటు. రెండేసి గిటార్లు పొట్టేళ్లలా ఢీకొనే చోట జెర్రీ ఫ్లూటు తీసేవాడు. ఇనప సామాను కొట్లోకి పిట్ట ఎగిరొచ్చినట్టు ఉండేది. గోడౌన్‌లో మేకుకు వేలాడుతూ మొదటిసారి విన్నప్పుడు, ఇదేమిటి, తప్పు తలుపు తీశానా అనుకున్నాను.

టాయ్ కుడిచేతి బొటనవేలి గురించి చెప్పకపోతే నాకు తోచదు. గిటారు వాయించేవాళ్లు చేత్తో చిన్న ప్లాస్టిక్ బిళ్ల పట్టుకుని తీగ మీటుతారు. టాయ్‌కు ఆ బిళ్ల అక్కర్లేదు, బొటనవేలితోనే మీటేవాడు, ఎంత వేగమైనా సరే. బిళ్ల తగిలితే తీగ కిర్రుమంటుంది; వేలి కండ తగిలితే మాటకు ముందు గొంతు సవరించుకున్నట్టు ఉంటుంది. అతని గిటారు గుండ్రంగా, కాస్త బరువుగా పలకడానికి కారణం అదే. నన్ను తిప్పిన వేళ్లెన్నో ఉన్నాయి గానీ అంత గరుకు వేలు ఇంకోటి గుర్తులేదు.

మొబిల్ అనే ఊరి నుంచి వచ్చిన 'వెట్ విల్లీ' అనే బృందం ఊళ్లో పాడినప్పుడు వాళ్లకు ముందు మావాళ్లు వాయించారు. ఆ బృందం గాయకుడు జిమ్మీ హాల్ మేకన్ వెళ్లి, క్యాప్రికార్న్ రికార్డ్స్ యజమాని ఫిల్ వాల్డెన్ చెవిన వేశాడు. 1973లో పాల్ హార్న్స్‌బీ నిర్మాతగా మొదటి ఆల్బమ్ వచ్చింది. పియానో వాయించింది కూడా హార్న్స్‌బీయే.

అందులో 'కాంట్ యూ సీ' అనే పాట ఉంది. టాయ్ రాశాడు, తనే పాడాడు. బృందానికి డగ్ గ్రే లాంటి గొంతు ఉండగా రచయితే పాడటం ఏమిటని అనుకోవచ్చు. డగ్ గొంతు పెద్ద హాలంత ఉంటుంది. టాయ్‌ది వరండాలో కుర్చీ వేసుకుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఆ పాటకు వరండా గొంతే కావాలి. ఆడదాని చేతిలో దెబ్బతిని, రైలెక్కి ఎటైనా పోదామనుకునే మగవాడి పాట. రైళ్ల ఊళ్లో పుట్టింది కాబట్టి అది ఎవరికీ కల్పనలా అనిపించలేదు. ఆ మాటకు అర్థం 'నీకు కనబడటం లేదా' అని. చూపు లేని మనిషి పేరు పెట్టుకుని, లోకాన్ని పట్టుకుని నీకు కనబడటం లేదా అని అడగడం! నాకైతే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాళ్లు కావాలని చేసింది కాదు లెండి.

ఆ తర్వాత వాళ్లు గోడౌన్‌కు చుట్టాలైపోయారు. ఆల్మన్ బ్రదర్స్‌తో ఊరూరా తిరిగారు, తర్వాత వాళ్లే పెద్ద బృందమై తిరిగారు. 1974లో రెండు ఆల్బమ్‌లు, 75లో ఒకటి, 76లో ఒకటి. ఫిడేలుతో చార్లీ డేనియల్స్ వచ్చి చేరేవాడు. జార్జ్ రాసిన 'ఫైర్ ఆన్ ద మౌంటెన్' రేడియోలో మోగింది. 1976లో కంట్రీ సంగీతపు పెద్ద తలకాయ వేలన్ జెన్నింగ్స్ 'కాంట్ యూ సీ' తన గొంతుతో పాడాడు. 1977 జనవరిలో జార్జియా మనిషి జిమ్మీ కార్టర్ దేశాధ్యక్షుడైతే, వాషింగ్టన్ వేడుకల్లో మిల్లు ఊరి కుర్రాళ్లు వాయించారు. అదే ఏడు 'కరోలినా డ్రీమ్స్' వచ్చింది. అందులో 'హర్డ్ ఇట్ ఇన్ ఎ లవ్ సాంగ్' బిల్‌బోర్డ్ పట్టికలో 14వ మెట్టు ఎక్కింది. దాని మొదట్లోనూ ఫ్లూటే.

అంతకంటే పైమెట్టు వాళ్లు ఎన్నడూ ఎక్కలేదు. నాకు అది కొరతగా తోచదు. దేశమంతా నెత్తిన పెట్టుకున్న బృందాల పోస్టర్లు ఏడాదికోసారి గోడల మీద మారిపోతాయి. కరోలినాల్లో వీళ్ల పాట పెళ్లిలో ఉంటుంది, చేపలు పట్టే పడవలో ఉంటుంది, పికప్ ట్రక్కు డాష్‌బోర్డులో ఉంటుంది. తండ్రి పాడితే కొడుకు రెండో చరణం అందుకుంటాడు. డబ్బు చేసుకున్నాక కూడా వాళ్లు న్యూయార్క్‌కో లాస్ ఏంజెలెస్‌కో మకాం మార్చలేదు. తిరుగుడు అయిపోతే స్పార్టన్‌బర్గే. ఊరు మరచిపోకపోవడానికి అదీ ఒక కారణం.

ఆ ఊరే వాళ్లను దెబ్బకొట్టింది.

సదరన్ రాక్ మీద రోడ్డు పగబట్టిందనేవాళ్లు. 1971లో డ్యువేన్ ఆల్మన్ మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు. ఏడాది తిరిగాక ఆల్మన్ బ్రదర్స్ బేస్ వాద్యగాడు బెర్రీ ఓక్లీ కూడా అలాగే, అదే మేకన్‌లో. 1977లో లినర్డ్ స్కినర్డ్ బృందం విమానం మిసిసిపీ అడవిలో కూలింది. ఏడాదికి వందల రాత్రులు బస్సుల్లో, విమానాల్లో గడిపే మావాళ్లకు మాత్రం ఏమీ కాలేదు. అయిందల్లా ఇంటికొచ్చాకే. 1980 మార్చి 28న కాల్డ్‌వెల్ అన్నదమ్ముల్లో చిన్నవాడు టిమ్ కారు ప్రమాదంలో పోయాడు. అతను బృందంలో లేడు. అన్నలిద్దరూ ఆ దుఃఖంతోనే ఏప్రిల్ 18న న్యూయార్క్ పక్కన నాసా కొలీజియంలో వాయించారు. నాలుగు రోజులకు, ఏప్రిల్ 22న, స్పార్టన్‌బర్గ్‌లోనే టామీ బండికి ప్రమాదం జరిగింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఏప్రిల్ 28న పోయాడు. తమ్ముడు పోయి సరిగ్గా నెల. టామీకి 30 ఏళ్లు.

టామీ ఒట్టి బేస్ వాద్యగాడు కాదు. బేస్ అంటే గోడౌన్‌లో ఉన్నదానికి నాకు బాగా తెలుసు: మిగతా వాద్యాలు చెవికి వినబడతాయి, బేస్ తలుపుకు వినబడుతుంది. చెక్క వణుకుతుంది, తాళం కప్ప వణుకుతుంది, దానిలో ఉన్న నేను వణుకుతాను. వేదిక మీద ఎప్పుడు ఎత్తుకోవాలో ఎప్పుడు ఆపాలో కంటిచూపుతో చెప్పేవాడు టామీ. పాటలు టాయ్‌వి, పగ్గాలు టామీవి అని ఊళ్లో అందరికీ తెలుసు. 'టాయ్ ఫ్యాక్టరీ' రోజుల స్నేహితుడు ఫ్రాంక్లిన్ విల్కీ వచ్చి ఆ చోట నిలబడ్డాడు. మంచి వాద్యగాడు. అయినా ఒక్కోసారి మూడు తీగల్లో ఒకటి మారిస్తే మిగతా రెండూ దానితో కలవడానికి మొరాయిస్తాయి. ఆ మరుసటేడు వచ్చిన ఆల్బమ్ పేరు 'డెడికేటెడ్'. ఎవరికో చెప్పక్కర్లేదు.

ఆ తర్వాతి కథ గబగబా చెప్పేస్తాను, నెమ్మదిగా చెప్పాలని లేదు. 1980ల నడుమకు టాయ్, జార్జ్, పాల్ తప్పుకున్నారు. పేరు డగ్, జెర్రీల దగ్గర ఉండిపోయింది. కొన్నేళ్లకు జెర్రీ కూడా ఇక చాలన్నాడు. టాయ్ 1992లో సొంతంగా ఓ రికార్డు చేశాడు. మరుసటి ఫిబ్రవరిలో పోయాడు, 45 ఏళ్లకు. జార్జ్ 2007లో. డగ్ గ్రే మాత్రం కొత్త కుర్రాళ్లను చేర్చుకుని, ఆ పేరు మీదే పాడుకుంటూ వచ్చాడు. అసలువాళ్లు లేకుండా అదేం బృందమని మూతి విరిచేవాళ్లున్నారు. వాళ్లకు నా జవాబు ఒకటే. అసలు మార్షల్ టక్కర్ అందులో ఎప్పుడున్నాడు గనక?

ఆయన సంగతికే వస్తున్నాను. ఇన్నేళ్లూ ఆయన సౌత్ కరోలినాలోనే ఉన్నాడు. తన పేరు ట్రక్కుల అద్దాల మీద, చొక్కాల మీద, రికార్డు అట్టల మీద తిరుగుతోందని తెలిసే ఉన్నాడు. 2023 జనవరిలో పోయాడు, 99 ఏళ్లకు. టామీ కంటే, టాయ్ కంటే, జార్జ్ కంటే ముందు పుట్టి, ముగ్గురి తర్వాతా బతికాడు. బృందానికి పేరిచ్చిన మనిషి ఇక లేడని పత్రికలు రాశాయి. ఇచ్చాడట! ఎవరడిగారని, ఎప్పుడిచ్చాడని? ఇచ్చినదాన్ని నేను. అయినా పత్రికలవాళ్లు తాళంచెవుల దగ్గరికి వచ్చి అడగరు కదా.

నేనిప్పుడు ఎక్కడున్నానంటే చెప్పను. ఒక సొరుగులో అనుకోండి. నేను తీసే తలుపు లేదు, చెక్కిన అక్షరాలు అరిగాయి; కంటితో చూస్తే ఏమీ కనబడదు, వేలు ఆనించి నెమ్మదిగా లాగితే 'టక్కర్' తగులుతుంది. సొరుగు పైన రేడియో ఉంది. దానిలో ఆ మొదటి ఆల్బమ్ వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు ఫ్లూటు దగ్గర మాటలాపి వింటారు. నేను వెనకాల హార్న్స్‌బీ పియానో మీదే చెవి పెడతాను, మూడు తీగలూ కలిశాయా, ఊగు ఆగిందా అని.