రెండు రోజుల్లో నటగురువు

నటన నేర్పే వర్క్‌షాప్ పెడుతున్నారా? అయితే గోడకు మిఖాయిల్ చెఖోవ్ ఫొటో తగిలించండి. ఎవరని అడిగితే, చెర్రీ తోట నాటకం రాసినాయన అనేయండి. అది రాసింది ఆంటన్ చెఖోవ్ అనీ, ఫొటోలో ఉన్నది ఆయన అన్నగారబ్బాయి, 1891లో పుట్టిన నటుడు అనీ చెప్పడం మొదలుపెడితే పూట గడిచిపోతుంది. ఫీజు కట్టినవాళ్లు చుట్టరికాలు అడగరు.

పోస్టర్ మీద మార్లిన్ మన్రో, ఆంథనీ క్విన్ ఆయన దగ్గర నేర్చుకున్నారని పెద్దక్షరాల్లో వేయించండి. నిజమే కాబట్టి ఎవరూ కాదనలేరు. 1936లో ఇంగ్లండ్‌లోని డార్టింగ్‌టన్‌లో ఆయన తెరిచిన స్టూడియోలో శిక్షణకు మూడేళ్లు అనుకున్నారన్న సంగతి మాత్రం పోస్టర్‌కెక్కించకండి. శని, ఆదివారాలు చాలు.

శనివారం పొద్దున అందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి, శరీరంతో ఆలోచించడం గురించి మూడు గంటలు ఉపన్యసించండి. ఒళ్లంతా విప్పారుతూ పోవడం, మళ్లీ ముడుచుకోవడం, గాలిలో తేలుతున్నట్టు, అచ్చు పోస్తున్నట్టు కదలడం లాంటివన్నీ లేచి చేసేవి. చేస్తే చెమట పడుతుంది, ఏసీ బిల్లు పెరుగుతుంది. నోట్సు రాసుకోమనండి.

మధ్యాహ్నం ఏడిపించండి. ఎవరింట్లో ఎవరు పోయారో ఒక్కొక్కరినీ అడిగి, పాత గాయం కెలకండి. ఒకరు వెక్కివెక్కి ఏడ్చారంటే మీ పేరు నిలబడిపోయినట్టే. చెఖోవ్ తన గురువు స్తానిస్లావ్‌స్కీతో విభేదించింది సరిగ్గా ఇక్కడే. సొంత జ్ఞాపకాలు తవ్వుకునే నటుడు ప్రతి పాత్రనూ తన కొలతకే కుదించేస్తాడని ఆయన వాదన. అందుకే పాత్రను మనసులో ఎదురుగా నిలబెట్టుకుని, ఈ మాట అనేటప్పుడు ఎలా నిలబడతావు, చేతులు ఎక్కడుంటాయి అని అడుగుతూ, అది చేసి చూపిస్తే గమనించమనేవాడు. తండ్రి బతికుండగానే ఆయన అంత్యక్రియల్ని అభినయించి గురువును నమ్మించాడని కూడా ఒక కథ చెబుతారు. ఆ కథ మీ క్లాసులో వినిపించారో, కన్నీళ్ల వ్యాపారం దెబ్బతింటుంది.

ఆదివారం సైకలాజికల్ జెశ్చర్. పాత్ర మొత్తం కోరికను ఒకే ఒక్క పెద్ద కదలికలో ఒళ్లంతటితో పట్టుకోవడం అది. నెట్టడమో, లాక్కోవడమో, ఎత్తడమో, చీల్చడమో. రిహార్సల్లో చేసి చేసి, ప్రదర్శనలో బయటికి కనపడకుండా లోపలే ఉంచుకోవాలి. ఇంత కష్టపడి చేసినదాన్ని దాచుకోవడం ఏం లాభం? మీవాళ్లను స్టేజీ మీద, కెమెరా ముందు చేతులు బార్లా చాపి చేసేయమనండి. విలన్‌కి నెట్టడం, తల్లికి దగ్గరికి లాక్కోవడం అని చార్టు వేసి లామినేషన్ చేయిస్తే ఇక వెతుక్కునే పనే లేదు.

ఊహాకేంద్రానికీ ఇదే సూత్రం. ఒంట్లో ఒకచోట కేంద్రం ఉందనుకుని దాన్నుంచి కదలమన్నాడాయన. అది ముక్కు కొసకు చేరితే మనిషి అన్నిటా తలదూర్చేవాడవుతాడు. అదే కేంద్రం గట్టిగానో, వెచ్చగానో, వణుకుతూనో ఉంటే నడక, చూపు, గొంతు అన్నీ మళ్లీ మారిపోతాయి. అదొక అంతులేని ఆట, నిజం చెప్పాలంటే ఈ పద్ధతిలో అన్నిటికన్నా సరదా అయినదీ అదే. అందుకే ఆడనివ్వకండి. హీరోకి గుండె, కమెడియన్‌కి మోకాళ్లు అని తేల్చేసి, మీరు చేసి చూపించండి. వాళ్లు మిమ్మల్ని అనుకరిస్తారు. పదిమందీ మీలాగే నడిస్తే పద్ధతి పట్టుబడినట్టే.

వాతావరణం అనే పాఠం ఉంది. నీలం లైటు, కాస్త పొగ, వెనక ఫ్లూటు పెట్టండి, అయిపోతుంది. గదిలోని విషాదానికీ అందులోకి నవ్వుతూ వచ్చినవాడికీ మధ్య ఘర్షణ పుడుతుందని, నాటకం అక్కడే రాజుకుంటుందని ఆయన చెప్పినదానికి పొగ యంత్రం అక్కర్లేదు. కానీ అద్దె కట్టేశారు కదా.

ఆదివారం సాయంత్రం సర్టిఫికెట్లు పంచుతుండగా ఎవరో ఒక కుర్రాడు వచ్చి, “సార్, అది ఇంకొక్కసారి చేసి చూడనా?” అని అడుగుతాడు. హాలు టైమ్ అయిపోయిందని చెప్పి పంపించేయండి. వాడికి గనక నిజంగా నటన వచ్చేస్తే, తర్వాతి బ్యాచ్‌కి మీరు ఏం చెబుతారు?