ముక్కనుమ దాకా ఉంటారా?

డిసెంబరు సగానికి వచ్చేసరికి హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్లో అందరి నోటా ఒకటే మాట: సంక్రాంతి సెలవులు ఎప్పట్నుంచి? జూన్‌లో ఇచ్చిన బడి క్యాలెండర్లో తేదీలు శుభ్రంగానే ఉంటాయి. వాటిని నమ్మినవాడు మాత్రం ఎవడూ లేడు. రైల్వేవాళ్ళు 60 రోజుల ముందే రిజర్వేషన్ తెరుస్తారు. కన్ను మూసి తెరిచేలోగా గోదావరి జిల్లాల బళ్ళన్నీ వెయిటింగ్ లిస్టు. మా పిల్లల బడివాళ్ళు తాపీగా, ఊళ్ళో భోగి పిడకల దండలు ఎండిపోయాక మెసేజ్ పెడతారు. సెలవులు ఇన్నాళ్ళు, పదో తరగతికి స్పెషల్ క్లాసులు, చిన్నపిల్లలకు ప్రాజెక్టు: థర్మోకోల్‌తో 'మన పల్లెటూరు'.

థర్మోకోల్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఎలాగూ అది రెండు ముక్కలవుతుంది. ఆ అట్ట కారు డిక్కీలో పట్టదు. వెనక సీట్లో పెడితే పిల్లలు పట్టరు. చివరికి మా ఆవిడ ఒళ్ళో పెట్టుకుంది. పంతంగి టోల్‌గేట్ దగ్గర బళ్ళన్నీ నిలిచిపోతే గాలి ఆడక అద్దం దించాం. అంతే, తెల్ల పూసలు లేచి నా మీసాలకు అంటుకున్నాయి. పక్క కారాయన నన్ను చూసి "పెద్దాయన్ని ముందు పోనివ్వండి" అన్నాడు.

ఊరు చేరాక వీధి అరుగు మీద పల్లెటూరు వెలిసింది. గుడిసెకు ఐస్‌క్రీం పుల్లలు, చెరువుకు నీలం కాగితం, ఎద్దుకు దూది. మావాడు మూపురం ఎక్కడ అతికించాలో యూట్యూబ్‌లో వెతుకుతుండగా గంగిరెద్దు వచ్చి వాకిట్లో నిలబడింది. వాడు తలెత్తలేదు. గంగిరెద్దులాయన కాసేపు చూసి, సన్నాయి దించి, "బాబూ, కొమ్ములు చెవుల కింద పెట్టావు" అన్నాడు. మా అమ్మ ఆయనకు బియ్యమూ, పాత పంచే ఇచ్చింది. నాకైతే ట్యూషన్ ఫీజు కూడా ఇవ్వాలనిపించింది. ఇంతా చేస్తే, పల్లెలో పచ్చదనం చాలలేదని టీచరు గారు మార్కులు కోశారు.

థర్మోకోల్ పోనీ, చెత్తబుట్టలోకి పోతుంది. పోనిది సెలవుల లెక్క. 2025లో ఆంధ్రప్రదేశ్ బడులకు జనవరి 10 నుంచి 19 దాకా ఇచ్చారు, తెలంగాణలో 11 నుంచి 17 దాకా. ఉన్న వారంలో మా అమ్మాయి స్పెషల్ క్లాసులు కొన్ని మింగేశాయి. రాజమండ్రి నుంచి వచ్చిన మా చెల్లెలి పిల్లలు అప్పుడే ఆటల్లో పడుతుంటే, మేం కనుమనాడు మినప గారెలు తింటూనే సామాను సర్దుకున్నాం. కనుమనాడు కాకి కూడా కదలదంటారు. కాకికి స్పెషల్ క్లాసులు ఉండవు.

డాలస్‌లో ఉన్న మా తమ్ముడిది ఇంకో లెక్క. వాళ్ళ పిల్లలకు క్రిస్మస్‌కి రెండు వారాలు సెలవు. అప్పుడొచ్చి, హరిదాసును ఫొటోలు తీసుకుని, జనవరి మొదటి వారంలోనే విమానం ఎక్కేస్తారు. అప్పటికి మా పిల్లలు హైదరాబాద్‌లో యూనిఫాం వేసుకుని బస్సు కోసం చూస్తుంటారు. ఈ పిల్లలంతా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే, ఫోన్లో.

అమ్మ ఇప్పుడు "ఎప్పుడొస్తున్నార్రా?" అని అడగదు. "ముక్కనుమ దాకా ఉంటారా?" అంటుంది. అరిసెలు మాత్రం మూడు విడతలుగా వండుతుంది: ముందు అమెరికావాళ్ళకి, తర్వాత మాకు, ఆపైన చెల్లెలికి కట్టివ్వడానికి. అలా మా అందరిలోకీ పండగ ఎక్కువ రోజులు చేసేది ఆవిడే. అందులో తన పిల్లలు ముగ్గురూ ఒకే పంక్తిలో కూర్చునే పూట ఒక్కటీ ఉండదు.

సెలవులు పెంచమని నేనడగను. అందరికీ ఒకేసారి ఇస్తే మూడు రోజులైనా చాలు. అలా ఇవ్వగల విద్యాశాఖ ఎక్కడా లేదు. ఉన్న ఊరొదిలి, మూడు విద్యాశాఖల కింద పడింది మేమే కదా.