ఏ ఊరంటే

తెల్లాపూర్ పాత ఊళ్లో వేపచెట్టు కింద అరుగు మీద కూర్చుని పెద్దయ్య మనవడి సంచి సర్దుతున్నాడు. మామిడికాయ తొక్కు సీసా మూతకు కవరు చుట్టి, రబ్బరు బ్యాండు నాలుగు మెలికలు తిప్పి, తలకిందులు చేసి చూశాడు. నూనె కారలేదు. పిల్లవాడు ఆ రాత్రి విమానానికి బస్రా పోతున్నాడు, ఆయిల్ క్యాంపులో పనికి.

"ఆడ తెల్లాపూర్ ఎవలకెరుక తాతా? ఎవలడిగినా హైదరాబాద్ అనే చెప్త" అన్నాడు వాడు.

పెద్దయ్య నా వైపు తిరిగాడు. "సారూ, మీరు చరిత్ర చెప్పినోళ్లు గద. బస్రా ఎసొంటి జాగ?"

తెలిసింది చెప్పాను. 1914లో ఇంగ్లీషువాళ్లు మన సిపాయిలతోనే బస్రా పట్టుకున్నారు. యుద్ధం అయిపోయినా ఇరాక్‌ను వదల్లేదు. 1920లో జనం తిరగబడితే అణచడానికి మళ్లీ ఇక్కడి పటాలాలే పోయాయి. ఖర్చు తడిసి మోపెడయింది. మరుసటేడు కైరోలో చర్చిల్ కూర్చుని లెక్క తేల్చాడు. నేల మీద సైన్యం కంటే గాలిలో విమానాలు అగ్గువ. ఫైసల్‌ను గద్దెనెక్కించి, 1922 అక్టోబరు నుంచి దేశం కాపలా వైమానిక దళానికి అప్పగించారు. పిలిస్తే రాని తెగల మీద, పన్ను కట్టని తెగల మీద బాంబులు వేశారు. ఇళ్లు కాలాయి, గొర్లు చచ్చాయి, పిల్లలూ పోయారు. 1932లో స్వాతంత్ర్యం ఇచ్చాక కూడా బస్రా పక్కనే షైబాలో తమ విమానాల స్థావరం ఉంచుకున్నారు. ఎన్నేళ్లు పాఠం చెప్పినా ఇక్కడికొచ్చేసరికి నా గొంతు పట్టేసేది.

"శిస్తు కట్టకుంటే బాంబులా!" పెద్దయ్య చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. "మా తాతను ఎండల వంగబెట్టి ఈపు మీద బండ పెట్టిన్రంట. జోడెడ్లు అమ్మి కట్టిండు. గా పెద్ద లడాయి అప్పుడే." కాసేపాగి అడిగాడు. "అగ్గువ అంటిరి గని, గా ఇమానాలకు పైసలెవలిచ్చిన్రు సారూ?"

దాచాలనిపించింది. దాస్తే అబద్ధమాడినట్టే.

ఇరాక్ మీద ఏళ్ల తరబడి తిరిగినవి డీహెచ్-9ఏ రకం విమానాలు. ఆ రకంతో మొట్టమొదట, 1918లో, యుద్ధానికి పోయింది 110వ స్క్వాడ్రన్. దాని విమానాలు మన నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన కానుక. ఒక్కోదాని మీద హైదరాబాద్ పేరు రాశారు. దళానికే ఆ పేరు నిలిచిపోయింది. అవి పోయింది జర్మనీ మీదికి, ఇరాక్ మీదికి కాదు. ఆ మాట రెండుసార్లు చెప్పాను. నిజాం ఖజానాకు పెద్ద రాబడి ఎక్కడిదో పెద్దయ్యకు నేను చెప్పనక్కర్లేదు.

ఆయన సీసాను బట్టల మధ్య కుదురుగా పెట్టి, జిప్పు లాగాడు. లేచి మనవడి చొక్కా కాలరు సర్దాడు.

"బిడ్డా, ఆడ ఎవలన్న ఏ ఊరని అడిగితే తెల్లాపూర్ అని చెప్పు. హైదరాబాద్ అనకు."