తొలగించేవాడు లేని తొలగింపు

ఒకరి ఉద్యోగం తీయాలంటే యజమాని చార్జిషీటు ఇచ్చి, సంజాయిషీ అడిగి, విచారణ జరిపి, చివరకు సంతకం చేసిన ఉత్తర్వు చేతికివ్వాలని భారత కార్మిక న్యాయశాస్త్రం చాలాకాలంగా నమ్ముతూ వచ్చింది. ఆ నమ్మకం ఎంత పాత చింతకాయ పచ్చడో 2019 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం తేల్చింది. ఆర్టీసీని ప్రభుత్వంలో విలీనం చేయాలన్న డిమాండుతో అక్టోబరు 5న సమ్మెకు దిగిన సుమారు 48 వేల మంది, ఆ సాయంత్రం 6 గంటల గడువులోగా విధుల్లో చేరలేదు గనుక తమను తామే తొలగించుకున్నారని, అంటే ‘సెల్ఫ్ డిస్మిస్’ అయ్యారని ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు ప్రకటించారు. తొలగించినవాడే లేనప్పుడు అక్రమ తొలగింపు కేసులో ప్రతివాది ఎవరన్న చిక్కే రాదు. పైగా 48 వేల చార్జిషీట్ల కాగితం ఖర్చు కలిసివచ్చింది.

జగ్గయ్యపేట దాటి గరికపాడు దగ్గర పాలేరు వంతెన ఎక్కితే అవతల తెలంగాణ. ఆ రోజుల్లోనే ఇవతలి గట్టున, ఆంధ్రప్రదేశ్‌లో, ఆర్టీసీ సిబ్బందిని ప్రభుత్వోద్యోగులుగా మార్చే పని సాగుతుండగా (2020 జనవరి 1 నుంచి మార్చారు కూడా), అదే కోరిక కోరినందుకు అవతలి గట్టున కోదాడ డిపో కండక్టరు స్వయంగా తొలగిపోయాడు.

సమ్మెకారుల చేతికి రాని సెప్టెంబరు జీతం సంగతి ఇంతకంటే సున్నితమైనది, ఎందుకంటే అది సమ్మెకు ముందు చేసిన పనికి రావలసిన సొమ్ము. అప్పుడు అమల్లో ఉన్న వేతనాల చెల్లింపు చట్టం, 1936 తన పరిధిలోకి వచ్చే ఉద్యోగులకు, వెయ్యి మందికి తగ్గని సంస్థల్లో, నెల ముగిశాక పదో రోజు దాటకుండా జీతం ఇవ్వాలనేది; యజమాని తొలగించినవారికైతే రెండో పనిదినం ముగిసేలోగా బకాయి చెల్లించాలనేది. తనను తాను తొలగించుకున్నవాడు ఈ రెండో వాక్యంలో ఎక్కడా ఇమడలేదు. జీతాలు చెల్లించమని హైకోర్టు ఆదేశిస్తే, అందుకు సుమారు 224 కోట్లు కావాలని, ఖాతాలో ఏడున్నర కోట్లే ఉన్నాయని సంస్థ విన్నవించుకుంది.

జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీకి ఇంత శాస్త్రీయమైన తొలగింపు దక్కదు. మర్నాడు గేటు దగ్గర పాసు పనిచేయదు, అంతే. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం, 1947 ప్రకారం అతడు ముందు కార్మిక శాఖలో రాజీ ప్రయత్నానికి, అంటే కన్సిలియేషన్‌కు, దరఖాస్తు పెట్టి, 45 రోజులు ఆగి, ఆపై లేబర్ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చేది. ఏడాదిలో 240 రోజులు పనిచేశానని నిరూపించుకునే భారం కూలీది. మస్టరు రోలు మాత్రం కాంట్రాక్టరు బీరువాలో భద్రంగా ఉంటుంది. కాంట్రాక్టరు కూలి ఎగవేస్తే ప్రధాన యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పినా, ఆ యజమాని ఆ కూలీని ఎన్నడూ చూడలేదనే అనేవాడు. ఇదీ ఒకరకం స్వయం తొలగింపే: తొలగిపోయేది యజమాని.

ఆర్టీసీ వ్యవహారాన్ని లేబర్ కోర్టుకు నివేదించాలో వద్దో కార్మిక శాఖ తేల్చాలని నవంబరు 18న హైకోర్టు చెప్పింది గానీ, అక్కడిదాకా పోనవసరం లేకుండా 25న సమ్మె ముగిసింది, 28న ముఖ్యమంత్రి అందరినీ పనిలోకి రమ్మన్నారు, డిసెంబరు 1న తన నివాసం ప్రగతి భవన్‌లో భోజనం పెట్టి సమ్మె కాలానికి సైతం జీతం ప్రకటించారు. జగ్గయ్యపేట ధనంబోడు బౌద్ధ స్తూపంలో దొరికిన శిల్పఫలకంలో మాంధాత చక్రవర్తి చెయ్యెత్తగానే మేఘాల్లోంచి నాణేలు కురుస్తాయి. ఆ చక్రవర్తికి వేతన చట్టంతో పని పడలేదు. తనంత తాను తొలగిపోవడం చట్టరీత్యా సాధ్యమా అన్న ప్రశ్నకు మాత్రం ఈ వ్యవహారంలో ఏ లేబర్ కోర్టూ నోరు తెరవాల్సి రాలేదు.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఇలాంటి విషయాల్లో మరింత నిక్కచ్చిగా ఉంది. సమ్మెకు కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలంటుంది. సగం మంది కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మేనంటుంది. సెల్ఫ్ డిస్మిస్ కాదలచినవారు ఎన్ని రోజుల ముందు, ఎవరికి నోటీసు ఇచ్చుకోవాలో మాత్రం అందులో ఎక్కడా రాయలేదు.