కారణం నొక్కండి

చోడవరంలో ఏ బట్టల కొట్టు బిల్లు తిరగేసినా అదే ముక్క: "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు." బిల్లులో గడువు రాయకపోతే లోపమున్న సరుకును 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోవాల్సిందేనని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అంటోంది. అది 2020 జూలైలో అమల్లోకొచ్చింది. మా వడ్డాది బస్సు మాత్రం ఎక్కినట్టు లేదు.

ఫోన్లో కొంటే ఆ బాధ లేదు, గుమ్మంలోకొచ్చి మరీ పట్టుకుపోతారు. ఎక్కడికంటే, హైదరాబాద్ శివార్లలో ఓ గోడౌన్‌కి. మా వడ్డాది కుర్రాడొకడు అక్కడే డిగ్రీ పట్టా మడిచిపెట్టి స్కానర్ పట్టాడు. పెట్టె విప్పాలి, బార్‌కోడ్ కొట్టాలి, కొన్నవారు నొక్కిన కారణం చదవాలి, గ్రేడు వెయ్యాలి. సీలు చెదరనిది మళ్లీ అమ్మకానికి, చెదిరింది సెకండ్స్‌కి, మిగతాది లాటుగా వేలానికి. అనకాపల్లి మార్కెట్లో దిమ్మ రంగు చూసి పాట పాడేవాళ్ల కన్నే కావాలి దీనికీ. కాకపోతే బెల్లం అబద్ధమాడదు.

పట్టుచీర వచ్చింది. కారణం, "రంగు నచ్చలేదు". కుచ్చిళ్లలో అక్షింతలు, పమిట మీద పప్పుచారు. మిక్సీ "పనిచేయడం లేదు"ట, జారు నిండా ఆవపిండి ఘాటు. ఫోన్ పెట్టెలో బట్టల సబ్బు, "వేరే వస్తువు వచ్చింది". ఇది నిజమే కావచ్చు, ఎవరు మార్చారో సబ్బుకే తెలియాలి.

లండన్ బర్బెరీ వాళ్లు అమ్ముడుపోని సరుకు ఒక్క ఏడాదిలో 2.86 కోట్ల పౌండ్లది తగలబెట్టారని 2018లో లోకం దుమ్మెత్తిపోసింది. మనది అంత దుబారా జాతి కాదు. ఒక పెళ్లి చూసొచ్చిన చీర ఇస్త్రీ చేయించుకుని ఇంకో పెళ్లికి బయల్దేరుతుంది. అయినా 2022 ఏప్రిల్ 4న మమ్మల్నే విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకి ఎక్స్‌ఛేంజ్ చేశారు, చీరదేముంది!

దసరా అమ్మకాలకి ఏజెన్సీవాళ్లు కుర్రాళ్లని బస్సుల్లో దింపుతారు. దీపావళి సరుకంతా వెనక్కొచ్చి సర్దుకున్నాక కుర్రాళ్లనీ వెనక్కి పంపుతారు. చీరని పంపాలంటే కారణం నొక్కాలి. వీళ్లకా గడి లేదు, ఓ పొద్దున్న గేటు దగ్గర కార్డు పనిచెయ్యదంతే.

మావాడు సంక్రాంతికి కొత్త చొక్కాతో దిగాడు. భోగి నుంచి కనుమ దాకా మెడ వెనక సర్దుకుంటూనే ఉన్నాడు, ట్యాగు బయటపడకుండా. ముక్కనుమ నాడు ఫోన్ తీశాడు.

"రంగు నచ్చలేదని కొట్టరా," అన్నాను.

"అమ్మో! రంగంటే ఇప్పి సూస్తారు చిన్నాన్నా. సైజంటే మడిసి పెట్టెస్తారు."