చినుకు లేదు కదా అనుకున్నాను

జొన్నాడ నుంచి కపిలేశ్వరపురం వైపు గౌతమి ఎడమ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్తే కుడివైపు ఏరు, ఎడమవైపు ఊళ్ళు. ఊళ్ళు గట్టుకి బాగా దిగువన ఉంటాయి. పెంకుటిళ్ళ కప్పులు కళ్ళ ఎత్తుకి వస్తాయి. పెరట్లో ఆరేసిన చీరలు, అరుగు మీద పేపరు చదువుకునే తాతలు పైనుంచి కనిపిస్తారు. ఏటివైపు ఇసుక మేటలు, రెల్లు, ఆ వెనక లంకల్లో అరటి. ఎండ ఎక్కకముందు ఇంతకన్నా మంచి దారి నాకు తెలీదు. ఆ గట్టు పక్కనే పుట్టి పెరిగాను. అయినా అంత మట్టి అంత ఎత్తున ఎందుకు పోశారో ఏనాడూ మనసు పెట్టి ఆలోచించలేదు. నాకది షికారు దారి, అంతే.

ఆ జులైలో మా వైపు వానల్లేవు. నారుమళ్ళకి కాలవ నీళ్ళే దిక్కు. ఆకాశం తేటగా ఉంది, ఏరు మాత్రం ఎర్రబడింది. కొత్తనీరు వచ్చిందంటే గోదారి జిల్లాల్లో అందరికీ సంబరమే, పులస ఎదురీదుతూ వచ్చేది ఈ ఎర్రనీటికే. దగ్గర నుంచి చూడాలనిపించి ఇసుక ర్యాంపు దిగాను. చిన్న పాయలో మోకాలి లోతు నీళ్ళు. సైకిలు నెట్టుకుంటూ లంక వైపు దాటబోతుంటే ఒక పెద్దాయన గేదెల్ని గట్టుకి తోలుకొస్తూ ఎదురయ్యాడు.

"ఎక్కడికండీ? భద్రాచలంలో పెరుగుతుందంట. వెనక్కి వచ్చేయండి" అన్నాడు.

"చినుకు లేదు కదండీ, ఇలా వెళ్ళి అలా వచ్చేస్తాను" అన్నాను. ఆయన మళ్ళీ చెప్పలేదు. గేదెలు ఆగేలా లేవు.

నీటి అంచున ఒక కందిపుల్ల గుచ్చి ఉంది. పిల్లలెవరో ఆడుకుని వదిలేశారనుకున్నాను. తెల్లవారుజామున ఆయనే గుచ్చాడట, పొడి ఇసుకలో. నేను చూసేసరికి దాని మొదట్లో నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. నా కళ్ళు మాత్రం ఆకాశం మీదే ఉన్నాయి.

తెలీక చేసిన పనైతే ఇంత బాధ ఉండేది కాదు. మా ఇంట్లో 1986 ఆగస్టు వరద మాట రాని రోజు అరుదు. ఆ ఏడాది భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో మళ్ళీ 71 అడుగులు దాటింది. గోదారికి వరద మన వానతో రాదు. ప్రాణహిత, ఇంద్రావతి ఎక్కడో మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో కురిసిన నీళ్ళు మోసుకొస్తాయి, శబరి కూనవరం దగ్గర కలుస్తుంది. భద్రాచలం దాటిన నీరు సుమారు ఒక రోజుకి ధవళేశ్వరం చేరుతుంది. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు చిన్నప్పుడు రేడియోలో వింటూ పెరిగాను. విన్నదాన్ని కాళ్ళ కింద నీటికి అన్వయించుకునే బుద్ధి లేకపోయింది.

లంకలో ఎంతసేపు తిరిగానో. తిరిగొచ్చేసరికి పాయ నడుం దాటేసింది. గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా కొట్టుకుపోతోంది. సైకిలు భుజాన వేసుకుని దిగబోతే కాలికింద ఇసుక జారింది, వెనక్కి పడ్డాను. అప్పుడు భయమేసింది, గట్టు వైపు చూసి కేకలు పెట్టాను.

పెద్దాయన కొడుకు పడవ వేసుకొచ్చాడు. ఒక్క మాట అనలేదు. పడవలో స్పానర్లు, తాళ్ళు ఉన్నాయి. లంక పైభాగాన వాళ్ళ మోటారు విప్పి గట్టెక్కించడానికి బయల్దేరిన పడవ అది. నన్నూ సైకిలునీ దించి మళ్ళీ వెళ్ళేసరికి వడి పెరిగింది, మోటారు దాకా పోలేకపోయాడు. చీకటి పడేవేళకి మోటారు మునిగింది.

ఆ రాత్రి గట్టు మీద టార్చిలైట్లు పట్టుకుని మనుషులు తిరిగారు. వంగి వంగి ఎలుక బొరియలు, ఊటలు వెతికారు. ఎక్కడైనా నీరు చెమరిస్తే ఇసుక మూటలు. నేనూ వాళ్ళతో నడిచాను. ఒక చేత్తో ఏటి నీళ్ళు తాకేంత దగ్గరగా వచ్చాయి. ఇటు తిరిగితే మా వీధి దీపాలు ఆ నీటిమట్టానికి కింద వెలుగుతున్నాయి. పొద్దున్నే అంత ముచ్చటపడి చూసే పల్లం ఇదేనని అప్పుడు తెలిసింది.

వరద తీశాక మోటారు బయటికి తీశారు, నిండా ఒండ్రు. వైండింగు, బేరింగులు కలిపి అయిన ఖర్చు నేనే ఇచ్చాను. పెద్దాయన వద్దనలేదు, లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. వద్దని ఉంటే తట్టుకోలేకపోయేవాణ్ణి.